గోల్ఫ్ కార్ట్ రివ్యూ: గోల్ఫ్ తప్ప మిగతా అన్ని పనులకీ వాడి చూశాం

గోల్ఫ్ కార్ట్ కొందామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది అని అడిగేవాళ్లు ముందు స్పీడెంత అంటారు, తర్వాత ఒక ఛార్జింగ్‌కి ఎంత దూరం పోతుంది అంటారు. నన్నడిగితే ఆ రెండూ తర్వాత సంగతి. మీ పనిలో రోజుకి ఎన్నిసార్లు బండి ఆపాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి, అది చెప్పండి ముందు. రోజంతా పదడుగులకోసారి ఆగే పనైతే నిక్షేపంగా కొనుక్కోండి. ఒకచోట ఎక్కి ఇంకోచోట దిగిపోవడమే పనైతే స్కూటరో చిన్న కారో చూసుకోండి, దీని జోలికి రావద్దు.

ఎందుకంటే ఈ బండి తయారైందే ఆగడానికి. గోల్ఫ్ ఆటలో ఏముంటుంది, బంతి కొట్టాలి, అది పడ్డచోటికి వెళ్లాలి, దిగాలి, కొట్టాలి, మళ్లీ ఎక్కాలి. 18 గుంటలు ఆడేసరికి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో మీరే లెక్కేసుకోండి. అందుకే తలుపుల్లేవు, నేల కిందికి ఉంటుంది, సీటు ఒకటే బెంచి కాబట్టి ఈ పక్కనుంచి ఎక్కి ఆ పక్కకి జరిగి దిగిపోవచ్చు. గేర్లు లేవు. చాలా మోడళ్లలో బ్రేకు పెడల్ మీదే పార్కింగ్ లాక్ ఉంటుంది, పై భాగాన్ని పాదంతో గట్టిగా నొక్కితే టక్కున పడుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే దానంతటదే వదులుతుంది. చేత్తో లాగే హ్యాండ్ బ్రేకు గొడవే లేదు. పెట్రోల్ మోడళ్లలో కూడా పెడల్ తొక్కితేనే ఇంజిన్ మొదలవుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. రెండు చేతుల నిండా సామాను పట్టుకుని ఎక్కి దిగేవాడికి ఈ చిన్న చిన్న ఏర్పాట్ల విలువ తెలుస్తుంది.

ఇంకో సరదా సంగతి. అమెరికాలోని టెక్సర్కానాకి చెందిన జె.కె. వాడ్లీ అనే ఆయన 1930ల్లో లాస్ ఏంజెలెస్‌లో పెద్దవయసు వాళ్లని సరుకుల కొట్టుకి తీసుకెళ్లే మూడు చక్రాల కరెంటు బండిని చూశాడట, తర్వాత అలాంటిదే ఒకటి కొని గోల్ఫ్ మైదానంలో నడిపితే అక్కడ సరిగ్గా నడవలేదట. అంటే గోల్ఫ్ బయట వాడటం కొత్త తెలివేమీ కాదు, ఈ బండి మొదటి పనే అది.

మా దగ్గర ఉన్నది 48 వోల్టుల బండి, ముందు ఇద్దరు కూర్చునే సీటు, వెనక మడత సీటు. ఆ వెనక సీటుని మడిచేస్తే సామాను పెట్టుకునే బల్ల అయిపోతుంది. పెద్ద రెసిడెన్షియల్ క్యాంపస్‌లో మెయింటెనెన్స్ పని మాది, అంటే కుళాయి కారుతోందని ఒక బ్లాకు నుంచి ఫోను, ఫ్యాను తిరగట్లేదని ఇంకో బ్లాకు నుంచి ఫోను, మధ్యలో ఎక్కడో చెట్టుకొమ్మ విరిగిందని కబురు. నడిస్తే సగం రోజు నడకకే సరి, పైగా స్పానర్ మర్చిపోయి వస్తే మళ్లీ మొదటికి. కారులో వెళ్దామంటే ఆ దారుల్లో కారు పట్టదు, పట్టినా తిప్పుకోవడానికి చోటుండదు. ఈ బండి వెడల్పు దాదాపు 1.2 మీటర్లు, ఇరుకు మలుపులో కూడా ఇట్టే తిరుగుతుంది.

మాకు బాగా నచ్చింది ఏమిటంటే గోల్ఫ్ కోసం పెట్టిన ప్రతి చిన్న సదుపాయం మా పనికి అచ్చంగా సరిపోవడం. మేం మొదట అద్దెకి తెచ్చుకుని చూసింది మైదానంలో తిరిగిన మామూలు రెండు సీట్ల బండి. దాని వెనక గోల్ఫ్ సంచులు నిలబెట్టే గూళ్లు, వాటికి బెల్టులు ఉంటాయి చూడండి, అందులో చీపుర్లు, పారలు, మూడు నాలుగు పీవీసీ పైపు ముక్కలు నిలువుగా పెట్టి బెల్టు బిగిస్తే గతుకుల్లో కూడా కదలవు. సీటు వెనక స్వెట్టర్లు పెట్టుకునే బుట్టలో చేతి తొడుగులు, వైరు చుట్టలు. బంతులు పెట్టుకునే గుంటల్లో స్క్రూలు, వాషర్లు. స్టీరింగు మధ్యలో స్కోరు కార్డు పట్టే క్లిప్పు ఉంటుంది, దానికి ఆ రోజు కంప్లయింట్ల కాగితం తగిలించేవాళ్లం, పక్కనే పెన్సిల్ పెట్టే తొర్ర కూడా ఉంది, పని అవగానే అక్కడే టిక్కు. కొన్న నాలుగు సీట్ల బండికి ఆ గూళ్లు లేవు, వాటి బదులు మేమే రెండు పైపు ముక్కలు క్లాంపులతో బిగించుకున్నాం. ఇలాంటి పనికే కొంటున్నవాళ్లు రెండు సీట్ల బండికి వెనక సామాను పెట్టె బిగించుకున్నది చూడండి, నాలుగు సీట్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ వెనక సీటు మడత పెట్టి తీసే తలనొప్పి రోజూ ఉంటుంది.

బరువు విషయం. మామూలు రెండు సీట్ల బండి మనుషులతో సామానుతో కలిపి దాదాపు 360 కిలోలు మోస్తుంది. ఇద్దరు మనుషులు పోగా రెండువందల కిలోల దాకా మిగులుతుందని లెక్క చెప్పుకోవచ్చు గానీ అదంతా వెనక చివరన పెడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. సిమెంటు బస్తాల్లాంటివి సీటుకి ఆనుకుని ముందుకి పెట్టుకోవాలి.

తోటపనికి, నర్సరీలకి దీన్ని మించింది నేను చూడలేదు. టైర్లు వెడల్పుగా, మెత్తగా ఉంటాయి, గాలి 20 పీఎస్ఐ దగ్గర్లోనే పెడతారు, అందుకని పచ్చిక మీద వెళ్లినా గాడి పడదు. కారు టైరులా గాలి దట్టించి కొట్టిస్తే బండి ఎగిరెగిరి పడుతుంది, గడ్డి కూడా పాడవుతుంది. మొక్కల కుండీలు దించుతూ, ఒక వరస నీళ్లు పెట్టి ముందుకి జరుపుతూ, మళ్లీ ఆపుతూ పని చేసుకోవచ్చు. కాకపోతే తడిసిన బురదలో దింపకండి. ఆ టైర్లకి పట్టు ఉండదు, వెనక చక్రాలకే నడక కాబట్టి ఒకసారి కూరుకుపోతే అక్కడే తిరుగుతూ ఉంటుంది. వానాకాలమంతా బురదే ఉండే పొలమైతే నాలుగు చక్రాలూ లాగే యుటిలిటీ బండి వేరే ఉంటుంది, అది తీసుకోవాలి.

కరెంటు బండికి చప్పుడు లేకపోవడం ఇంకో లాభం. ఆసుపత్రి ఆవరణలో, జంతువుల పార్కుల్లో, షూటింగుల దగ్గర ఇవే ఎందుకు తిరుగుతాయంటే ఇదే కారణం, లైట్లు, స్టాండ్లు, మేకప్ పెట్టెలు వేసుకుని సెట్టు పక్కనుంచి వెళ్లినా మైకులో మోత రాదు. అయితే చప్పుడు లేని బండికి ఒక చిక్కు ఉంది, ముందు నడిచేవాడికి మనం వస్తున్నట్టు తెలీదు. ఫోను చూసుకుంటూ నడిచేవాళ్లు ఉలిక్కిపడి అటో ఇటో దూకుతారు, ఎటు దూకుతారో మనకి తెలీదు. అందుకని బెల్లు పెట్టించాం, హారన్ కన్నా అదే నయం, ఎవరికీ కోపం రాదు. ఇక రివర్సు వేస్తే మాత్రం చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. రివర్సులోనే వదిలేసి దిగారంటే తాళం తీసేదాకా చాలా బళ్లు అలా అరుస్తూనే ఉంటాయి. అది నిజానికి మంచికే, లివరు రివర్సులో ఉండిపోయిందని తెలియకుండా తర్వాత వచ్చినవాడు పెడల్ తొక్కితే వెనక్కి పోతుంది.

మనుషుల్ని మోసే పని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే అందరూ దీన్ని కొనేది ఎక్కువగా అందుకే, దెబ్బలు తగిలేది కూడా అక్కడే. విమానాశ్రయాల్లో నడవలేనివాళ్లకి, స్టేడియాల్లో దెబ్బ తగిలిన ఆటగాడిని బయటికి తేవడానికి, పెద్ద ఫంక్షన్లలో పార్కింగు నుంచి లోపలికి చేర్చడానికి బ్రహ్మాండంగా పని చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కారు ఎక్కడానికి అవస్థ పడతారు గానీ దీనిమీద హాయిగా కూర్చుంటారు, తల వంచక్కర్లేదు, కాలు ఎత్తి లోపలికి లాక్కోనక్కర్లేదు. కానీ తలుపు లేకపోవడం ఎంత సుఖమో అంత ప్రమాదం. ఎడమవైపు స్టీరింగు ఉన్న బండిని ఎడమకి ఒక్కసారిగా తిప్పితే కుడిపక్క కూర్చున్నవాళ్లు బయటికి జారతారు. స్టీరింగు పట్టుకున్న మనిషికి ఆ ఊపు తెలియదు, ఆయనకి పట్టుకోవడానికి చక్రం ఉంది, పక్కవాళ్లకి సీటు చివర చిన్న కడ్డీ తప్ప ఏమీ లేదు, ఆ కడ్డీ తుంటి ఎత్తుకి కూడా రాదు కాబట్టి పడేవాణ్ణి ఆపకపోగా దానిమీదనుంచే దొర్లిస్తుంది. ఇక వెనక్కి తిరిగి కూర్చునే సీటు సంగతి. పిల్లలు ఎగబడేది దానికోసమే. బండి ముందుకి కదిలిన ప్రతిసారీ వెనక కూర్చున్నవాడు బయటివైపే తూలతాడు, ముందుకి చూస్తూ ఉండడు కాబట్టి కుదుపు వస్తుందని కూడా తెలియదు. మేం వెనక సీటుకి బెల్టులు పెట్టించాం, చిన్నపిల్లల్ని వెనక ఎక్కించం అని కచ్చితంగా చెప్పేస్తాం. అలిగేవాళ్లు అలుగుతారు.

బ్రేకులు. చాలా గోల్ఫ్ కార్టులకి వెనక చక్రాలకే బ్రేకులుంటాయి. చదునులో ఏమీ తెలీదు, వాలు దిగుతూ గట్టిగా తొక్కారంటే వెనక చక్రాలు పట్టేసి తోక పక్కకి తిరుగుతుంది. మీ ఆవరణలో ఏటవాలు ఎక్కువుంటే నాలుగు చక్రాలకీ బ్రేకులున్నది తీసుకోండి, లేదా మోటారే వేగాన్ని పట్టి ఆపే రకం తీసుకోండి, ఆ రెంటిలో ఏదీ లేకుండా నలుగుర్ని ఎక్కించుకుని వాలు దిగొద్దు.

రోడ్డు మీదికి తీసుకెళ్లొచ్చా అని అడుగుతారు. గోల్ఫ్ కార్టూ, రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్న తక్కువ వేగం బండీ చూడటానికి ఒకటేలా ఉన్నా ఒకటి కావు. మామూలు కార్ట్ గంటకి 24 కిలోమీటర్ల లోపే పోతుంది. అమెరికాలో 1998లో తక్కువ వేగం బండ్లకి విడిగా ఒక రూలు పెట్టారు, గంటకి 32 కిలోమీటర్లు దాటి 40 లోపు పోయే నాలుగు చక్రాల బండి అయితే హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, సిగ్నళ్లు, అద్దాలు, ముందు గ్లాసు, సీటు బెల్టులు, పార్కింగ్ బ్రేకు, గుర్తింపు నంబరు అన్నీ ఉండాలి. లైట్లు తగిలించినంత మాత్రాన మీ కార్టు ఆ కోవలోకి వచ్చేయదు. ఎక్కడివాళ్లు అక్కడి రూలు చూసుకుని తీరాలి.

ఊరు ఊరంతా వీటిమీద నడిచే చోట్లు కూడా లేకపోలేదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని పీచ్‌ట్రీ సిటీలో ఈ బండ్లూ, నడిచేవాళ్లూ, సైకిళ్లూ తిరిగే దారులు దాదాపు 160 కిలోమీటర్లు ఉన్నాయి, హైస్కూలు పిల్లలు బడికి కూడా వీటిమీదే వెళ్తారు. ఫ్లోరిడాలో రిటైరైనవాళ్లు ఉండే ది విలేజెస్‌లో బజారుకీ, డాక్టరు దగ్గరికీ, స్నేహితుల ఇంటికీ ఇదే వాహనం. కాలిఫోర్నియా తీరంలో కాటలీనా దీవి మీదున్న అవలాన్‌లో కార్ల సంఖ్యకి పరిమితి పెట్టారు కాబట్టి వీధుల్లో ఇవే కనిపిస్తాయి. హాంకాంగ్‌లోని డిస్కవరీ బేలో సొంత కార్లకి అనుమతి లేదు, గోల్ఫ్ కార్టుల సంఖ్యకి కూడా పరిమితి ఉంది. ఈ ఊళ్లలో దారులో, రూళ్లో ముందే సిద్ధంగా ఉన్నాయి, అది మర్చిపోకూడదు. లారీలూ బస్సులూ తిరిగే రోడ్డు మీద ఈ ప్లాస్టిక్ బాడీతో దూరడం ధైర్యం అనిపించుకోదు.

ఇప్పుడు బ్యాటరీలు, అసలు డబ్బంతా పోయేది ఇక్కడే. 48 వోల్టుల బండిలో సీటు కింద సాధారణంగా 8 వోల్టుల యాసిడ్ బ్యాటరీలు ఆరు ఉంటాయి, ఒక్కోటి దాదాపు 28 కిలోలు, అంటే మొత్తం 170 కిలోల దాకా సీసమే మోసుకు తిరుగుతున్నాం. రాత్రి పెడితే తెల్లారేసరికి ఛార్జవుతుంది. సగం కన్నా కిందికి దించకుండా వాడుకుంటే ఎక్కువ కాలం వస్తాయి, అయిపోయేదాకా తిప్పి అలాగే వదిలేస్తే లోపల ప్లేట్లకి సల్ఫేట్ పట్టేస్తుంది. మరీ కిందికి దిగిపోతే పాత ఛార్జర్లు అసలు ఆన్ కూడా అవ్వవు, వోల్టేజీ కనిపించకపోతే వాటికి బ్యాటరీ తగిలించారని కూడా తెలీదు. నీళ్లు డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ ఛార్జింగ్ పూర్తయ్యాక. ముందే నిండా పోస్తే ఛార్జింగులో పొంగి యాసిడ్ బయటికొచ్చి కింద ఇనప చట్రాన్ని తినేస్తుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం ముందే అవి మునిగేంత వరకు పోయాలి. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే అంటుకునే వాయువు అది, కాబట్టి మూసేసిన గదిలో పెట్టకండి, పక్కన బీడీ సిగరెట్ అసలే వద్దు.

మాకు బండి అమ్మినవాళ్లు చేసిన నిర్వాకం ఒకటి చెప్పాలి. హెడ్‌లైట్లకీ, చిన్న ఫ్యానుకీ, మొబైల్ ఛార్జరుకీ కలిపి కరెంటు ఆరు బ్యాటరీలలో చివరి రెంటి నుంచే లాగారు. 48 వోల్టుల్ని లైట్లకి సరిపడేంతకి దించే రిడ్యూసర్ పెడితే ఖర్చని. మొదట్లో అంతా బానే ఉంది, తర్వాత బండి ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడటం మొదలైంది, మీటరు పెట్టి ఒక్కో బ్యాటరీ చూస్తే నాలుగు దిట్టంగా ఉన్నాయి, ఆ రెండూ చచ్చిపోతున్నాయి. వరసలో కలిపిన బ్యాటరీల్లో బలహీనమైనది ఎంత ఇస్తే బండికి అంతే. అడిగితే మీరే నీళ్లు సరిగ్గా పోయలేదన్నారు. తీగలు ఫోటో తీసి పంపాక మాట్లాడ్డం మానేశారు. కాబట్టి కొనేముందు సీటు ఎత్తి చూడండి, లైట్ల తీగ మొత్తం 48 వోల్టుల నుంచి రిడ్యూసర్ ద్వారా వస్తోందా, ఏదో ఒక బ్యాటరీకి తగిలించారా అని. రెండు నిమిషాల పని.

లిథియం బ్యాటరీలు పెట్టించుకుంటే బ్యాటరీల బరువు మూడో వంతుకి దిగిపోతుంది, నీళ్లు పోసే పని ఉండదు, త్వరగా ఛార్జవుతుంది, మధ్యాహ్నం భోజనం టైములో కాసేపు పెట్టినా ఏమీ కాదు. ధర ఎక్కువ. రోజూ బాగా తిరిగే బండైతే పెట్టించండి, వారానికోసారి తీసే బండికి దండగ. ఛార్జరు కూడా మార్చాలని ముందే లెక్కలో వేసుకోండి, యాసిడ్ బ్యాటరీ ఛార్జరుతో లిథియాన్ని ఛార్జ్ చేయకూడదు.

ఇంకో విషయం, బండి ఆగిపోయి తాడు కట్టి లాగాల్సి వస్తే సీటు కింద టో, రన్ అని ఒక స్విచ్చు ఉంటుంది చాలా బళ్లలో, దాన్ని టో వైపు తిప్పాకే లాగండి. తిప్పకుండా లాగితే మోటారు జనరేటరులా పని చేసి మోటారుకి కరెంటు అందించే కంట్రోలరు కాలే అవకాశం ఉంది. పనివాళ్లందరికీ ఇది చూపించి పెట్టండి, బండి ఆగినప్పుడు మీరే పక్కన ఉంటారని గ్యారంటీ లేదు.

సోకుల సంగతికొస్తే, ఎత్తు పెంచే కిట్లు, పెద్ద చక్రాలు, కింద నీలం లైట్లు, నాలుగు స్పీకర్లు... మీ డబ్బు మీ ఇష్టం. ఎత్తు పెంచితే బండి గురుత్వ కేంద్రం పైకి పోతుంది, మలుపులో పడిపోయే భయం పెరుగుతుంది, పైగా ఎక్కి దిగడం సులువు అన్న ఒక్క సుఖం కూడా పోతుంది. ఎత్తు పెంచిన బండి పక్కన చిన్న స్టూలు వేసుకుని ఎక్కుతున్నవాళ్లని చూశాను. వాన తెరలు మాత్రం కొనండి, అవి లేకపోతే వానలో సీటు మీద నీళ్లు నిలుస్తాయి. వెనక వచ్చేవాళ్లు కనిపించే అద్దాలు కూడా పెట్టించండి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవడం తెలివైన పనే, గోల్ఫ్ క్లబ్బులు కొన్నేళ్లకోసారి బండ్లన్నీ ఒకేసారి మార్చేస్తాయి, అవి బయటికొస్తాయి. బాడీకి కొత్త రంగు చూసి మురిసిపోవద్దు. చాలా కంపెనీల బ్యాటరీల టెర్మినల్ మీద ఒక అక్షరం, ఒక అంకె ముద్రించి ఉంటాయి, అక్షరం నెల, అంకె సంవత్సరం చివరి అంకె. ఆరింటి మీదా ఒకే ముద్ర ఉండాలి, ఒకటి రెండు వేరుగా ఉంటే మధ్యలో ఏదో పోయి మార్చారన్నమాట. నిండా ఛార్జయి కాసేపు ఊరికే ఉన్నాక మొత్తం 51 వోల్టుల దగ్గర చూపించాలి. తర్వాత నలుగుర్ని ఎక్కించుకుని ఎత్తు ఎక్కించండి, ఎక్కుతుండగా వోల్టేజీ ఎంత దిగుతోందో చూడండి, దిగేటప్పుడు మెల్లగా బ్రేకు వేసి ఎటు లాగుతోందో చూడండి. అమ్మేవాడు చదునులోనే తిప్పి చూపిస్తానంటే ఇంకో బండి చూసుకోండి.